బీమా లేని మన ఇంటి పిల్లలకు విశాఖలో పంటి వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ల నుంచి చదువుకో, ఉద్యోగానికో వచ్చి విశాఖలో మన ఇంట్లోనో, దగ్గర్లోని హాస్టల్లోనో ఉంటున్న మేనల్లుడికి, చెల్లెలి కూతురికి, తమ్ముడికి పన్ను నొప్పి మొదలైతే ఆ బాధ్యత మన మీదే పడుతుంది. అటువంటి సమయంలో ఇంటి పెద్దలు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

మా మేనల్లుడికి ఇరవై ఏళ్లు. ఏ బీమా లేదు. పిప్పి పన్ను నొప్పి పెడుతోంది. ముందు బీమా తీసుకుని, తరువాత వైద్యం చేయిస్తే ఖర్చు కలిసి వస్తుందా?

రాదు. ఇప్పటికే నొప్పి పెడుతున్న పంటికి బీమా వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. మన దేశంలో అమ్ముడయ్యే ఆరోగ్య బీమా పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే వైద్యానికి ఉద్దేశించినవి. పన్ను నింపించుకోవడం, నరం తీయించుకోవడం (రూట్ కెనాల్), పీకించుకోవడం వంటివన్నీ కుర్చీలో కూర్చుని గంటలో ముగించుకుని ఇంటికి వచ్చే పనులు కాబట్టి వాటికి సాధారణ పాలసీ డబ్బు ఇవ్వదు. ఆసుపత్రిలో చేరకుండా పొందే వైద్యానికి, అంటే బయటి రోగి ఖర్చులను భరించే ప్రత్యేక పాలసీలు ఉన్నప్పటికీ, వాటిలో పంటి వైద్యానికి నిరీక్షణ కాలం, ఏడాదికి ఇంత మాత్రమే అన్న పరిమితి ఉంటాయి. ఈలోగా పిప్పి లోతుగా దిగి, సిమెంటుతో పోయేది రూట్ కెనాల్ దాకా వస్తుంది. అందువల్ల ఈ వారం చేయవలసింది తక్కువ ఖర్చులో మంచి వైద్యం దొరికే చోటికి అబ్బాయిని తీసుకువెళ్లడం. బీమా సంగతి ఆ తరువాత, పంటి కోసం కాకుండా మిగిలిన జబ్బుల కోసం, ప్రమాదాల కోసం ఆలోచించాలి.

విశాఖలో తక్కువ ఖర్చులో పంటి వైద్యం ఎక్కడ దొరుకుతుంది?

మొదటిది మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.). ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఈ పెద్దాసుపత్రిలో దంత విభాగం ఉంది. ఆధార్ కార్డు పట్టుకుని ఉదయాన్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి. రేషన్ కార్డు ఏ జిల్లాది అని అడిగి వెనక్కి పంపే చోటు కాదు. పన్ను తీయడం, చీము పట్టిన వాపుకు వైద్యం, దవడకు దెబ్బ తగిలిన కేసులు వంటి వాటికి ఇది సరైన చోటు. అయితే అనేక విడతలు కూర్చోవలసిన రూట్ కెనాల్, క్యాప్ వంటి పనులకు రద్దీ వల్ల ఎక్కువ రోజులు పట్టవచ్చు.

రెండవది దంత వైద్య కళాశాలల ఆసుపత్రులు. మా అభిప్రాయంలో బీమా లేని యువతకు విశాఖలో ఇంతకన్నా మంచి దారి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ దంత కళాశాలలు విజయవాడలోను, కడపలోను ఉన్నాయి కాని విశాఖలో లేవు. ఆ లోటును ఇక్కడ రెండు ప్రైవేటు కళాశాలలు చాలావరకు తీరుస్తున్నాయి. ఒకటి రుషికొండలోని గీతం దంత వైద్య కళాశాల, మరొకటి తగరపువలస దగ్గర సంగివలసలో ఉన్న అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాల. ప్రైవేటు కళాశాల అనగానే ఫీజులు కూడా ప్రైవేటు స్థాయిలో ఉంటాయని చాలామంది అటువైపే చూడరు. నిజానికి విద్యార్థుల శిక్షణకు రోగులు కావాలి కాబట్టి, బయటి క్లినిక్కులతో పోలిస్తే అక్కడ రుసుములు చాలా తక్కువగా ఉంటాయి. నగరం నుంచి రానుపోను బస్సు ఖర్చు, పోయే పూట కూడా లెక్కలో వేసుకున్నా, రెండు మూడు పళ్లకు పని ఉన్నవారికి మిగిలేది ఎక్కువే.

మూడవది, వార్డులలోను కళాశాలల్లోను అప్పుడప్పుడు జరిగే ఉచిత దంత శిబిరాలు. పరీక్ష వరకు ఇవి పనికివస్తాయి. అక్కడ చెప్పిన వైద్యాన్ని అదే శిబిరం నడిపే క్లినిక్‌లోనే చేయించుకోవాలన్న నియమం ఏమీ లేదు.

కళాశాలలో విద్యార్థులు చేస్తారట కదా. పిల్లవాడి పన్ను పాడు చేస్తారేమో?

ఈ భయం సహజమే కాని, అక్కడ పని జరిగే తీరు తెలిస్తే చాలావరకు తగ్గుతుంది. చీటీ రాయించుకున్న తరువాత రోగిని మొదట నోటి పరీక్ష, ఎక్స్‌రేలు చూసే ఓరల్ మెడిసిన్ విభాగానికి పంపుతారు. అక్కడ నోరంతా చూసి, ఏ పంటికి ఏ పని కావాలో కేసు షీటులో రాసి, సంబంధిత విభాగానికి పంపుతారు. పళ్లు నింపడం, రూట్ కెనాల్ ఒక విభాగం, చిగుళ్లు మరొకటి, పీకడం, శస్త్రచికిత్సలు ఇంకొకటి, క్యాపులు, కట్టుడు పళ్లు వేరొకటి, చిన్నపిల్లలకు ప్రత్యేక విభాగం.

బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తరువాత మూడేళ్ల ఎండీఎస్ చేస్తున్నవారు అప్పటికే పట్టా ఉన్న దంత వైద్యులు. దవడ పంటి రూట్ కెనాల్ వంటి కష్టమైన పనులు సాధారణంగా వీరి చేతికి వెళతాయి. విద్యార్థి మత్తు ఇచ్చే ముందు, పిప్పి తొలిచిన తరువాత, సిమెంటు వేసే ముందు అధ్యాపకుడు వచ్చి అద్దం పెట్టి చూసి, సరిపోయిందంటేనే షీటు మీద సంతకం చేస్తారు. సరిపోలేదంటే మళ్లీ చేయిస్తారు. కుర్చీలో కూర్చున్న మనకు అది విసుగు పుట్టిస్తుంది. బయట ముప్పావు గంటలో అయ్యే పనికి ఇక్కడ పూటంతా పట్టడానికి కారణం కూడా అదే. తొందరపడని చేతికి, వెనక నిలబడి చూసే మరో జత కళ్లకు విలువ ఉంది. బయట ఖరీదైన క్లినిక్‌లో కూడా ఆ రెండవ జత కళ్లు ఉండవు.

ఇబ్బంది సమయం దగ్గరే వస్తుంది. పరీక్షల రోజుల్లోను, సెలవుల్లోను అపాయింట్‌మెంట్లు వెనక్కి పోతుంటాయి. ఉద్యోగం చేసే పిల్లవాడైతే సెలవు దొరకడం కష్టం. అందుకే మొదటి రోజే మొత్తం ఎన్ని విడతలు పడుతుందో, మొత్తం రుసుము ఎంతో, క్యాప్ అందులో కలిసిందో లేదో అడిగి రాయించుకోవాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద పళ్లకు వైద్యం చేస్తారా?

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు సంబంధించినది. పిప్పి పన్నుకు, రూట్ కెనాల్‌కు, క్లిప్పులకు, కట్టుడు పళ్లకు దీనిని నమ్ముకోకూడదు. బైకు మీద నుంచి పడి దవడ ఎముక విరిగినప్పుడు, నోటి క్యాన్సర్ వంటి పెద్ద జబ్బు బయటపడినప్పుడు మాత్రం ఇదే ఆదుకుంటుంది. అబ్బాయి విశాఖలో మీ ఇంట్లో ఉన్నా, అతని పేరు ఊళ్లో తల్లిదండ్రుల కార్డులో ఉంటే ఆ అర్హత ఇక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రిలో కూడా చెల్లుతుంది. ఆసుపత్రిలో ఈ పథకం కోసం ఉండే సహాయకుడు ఆరోగ్యమిత్రను అడగవచ్చు లేదా 104కు ఫోన్ చేయవచ్చు. పెళ్లిళ్లు, వలసల వల్ల కార్డులో పేర్లు తప్పిపోవడం మన ఇళ్లలో మామూలే కాబట్టి, ఏ జబ్బూ లేనప్పుడే సచివాలయంలో పేరు సరిచూసుకోవడం మేలు.

అబ్బాయి దువ్వాడలో చిన్న కంపెనీలో చేరాడు. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోస్తున్నారు. అది పనికివస్తుందా?

తప్పకుండా పనికివస్తుంది. ఈ కార్డు ఉన్న చాలామంది యువకులు దానిని జీతం చీటీలో ఒక కోతగా చూస్తారే తప్ప వాడుకోరు. నెల జీతం 21,000 రూపాయలు దాటని ఉద్యోగులకు ఇది వర్తిస్తుంది. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. వైద్య సౌకర్యం ఉద్యోగంలో చేరిన తొలి రోజు నుంచే మొదలవుతుంది, నెలల తరబడి ఆగవలసిన పని లేదు. ముందు తన డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడ లేని సౌకర్యానికి మల్కాపురంలోని ఈఎస్ఐ ఆసుపత్రికి రాయించుకోవాలి.

ఒకవేళ ఈఎస్ఐ ఉన్నది అబ్బాయికి కాక మీకైతే, అందులో మేనల్లుడిని చేర్చడానికి వీలులేదు. భార్య లేదా భర్త, ఆధారపడిన తల్లిదండ్రులు, మైనరు పిల్లలు, చదువుకుంటున్న పిల్లలైతే 21 ఏళ్లు వచ్చేవరకు, పెళ్లికాని ఆధారిత కూతుళ్లు కుటుంబంగా లెక్కకు వస్తారు. పెళ్లికాని ఉద్యోగికి తల్లిదండ్రులు లేకపోతే మైనరు తమ్ముడు, చెల్లెలు కూడా వస్తారు.

అయితే మంచి ఆరోగ్య బీమా పాలసీలో పళ్ల గురించి ఏముంటుంది? ఏం చూసి తీసుకోవాలి?

చాలా పాలసీల్లో ఒకే వాక్యం కొద్ది తేడాతో కనిపిస్తుంది. ప్రమాదం వల్ల ఆసుపత్రిలో చేరవలసి వస్తే తప్ప పంటి వైద్యానికి డబ్బు చెల్లించము అన్నది ఆ వాక్యం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో ఇస్తున్న ఆరోగ్య సంజీవని పాలసీలో ఈ విషయం కొంత మెరుగు. జబ్బు వల్లగాని, గాయం వల్లగాని అవసరమైన పంటి చికిత్స అందులో చోటు చేసుకుంది. అయినా అది ఆసుపత్రిలో చేరిన ఖర్చుల కిందనే వస్తుంది, ప్రతి క్లెయిములో అయిదు శాతం మనమే భరించాలి. కాబట్టి ఏజెంటు ఆ పేజీ చూపించి పళ్లకు కూడా ఉందండీ అన్నప్పుడు, కుర్చీలో చేసే రూట్ కెనాల్‌కు ఇస్తారా అని సూటిగా అడిగి, సమాధానాన్ని మెయిల్‌లో పంపమనాలి. నోటి మాట క్లెయిము నాడు పనికిరాదు.

బయటి రోగి ఖర్చులకు అదనపు కవరు తీసుకునే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. ఆ కవరు కోసం ఏటా అదనంగా కట్టే ప్రీమియం ఎంత, పళ్లకు ఏడాదికి ఇచ్చే గరిష్ఠ మొత్తం ఎంత, ఎన్ని నెలలు ఆగాలి, ఏ క్లినిక్కుల్లో మాత్రమే చెల్లుతుంది అన్నవి పక్కపక్కన రాసుకోవాలి. ఇరవై ఏళ్ల వయసులో ఏడాదికి ఒక క్లీనింగ్, ఒక ఫిల్లింగ్ కన్నా ఎక్కువ అవసరం లేనివారికి ఈ లెక్క చాలాసార్లు కలిసి రాదు. ఆ డబ్బును పక్కన పెట్టుకుని కళాశాల ఆసుపత్రిలో ఖర్చు పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం.

ఇలా అన్నంత మాత్రాన అసలు బీమాయే వద్దని కాదు. డెంగీతో వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నా, కాలు విరిగినా వచ్చే బిల్లు ముందు పంటి ఖర్చు ఏపాటిది? అందుకోసం తీసుకోవాలి, ఆరోగ్యంగా ఉన్న వయసులోనే తీసుకోవాలి. ఉన్న జబ్బులను దాచకుండా రాయాలి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. పాలసీ చేతికి వచ్చిన తరువాత చదివి, నచ్చకపోతే ముప్పై రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు.

నా ఫ్యామిలీ పాలసీలోనే మేనకోడలిని చేర్చవచ్చా?

సాధారణ ఫ్యామిలీ ఫ్లోటర్‌లో, అంటే కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ఒకే పాలసీలో, కుదరదు. భార్యాభర్తలు, ఆధారపడిన పిల్లలు, కొన్నింటిలో తల్లిదండ్రులు, అత్తమామలు మాత్రమే వస్తారు. పిల్లలకు కూడా సాధారణంగా 25 ఏళ్లే హద్దు. అమ్మాయికి పద్దెనిమిది నిండితే తన పేరు మీదే వ్యక్తిగత పాలసీ తీసుకోవడం సులభం, ఆ వయసులో ప్రీమియం కూడా తక్కువే. లేదా ఊళ్లో ఉన్న ఆమె తల్లిదండ్రుల పేరు మీద ఫ్లోటర్ తీసుకుని అందులో చేర్చవచ్చు. డబ్బు మీరు ఇచ్చినా, ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమా ప్రీమియంకు ఇచ్చే మినహాయింపు మీకు రాదు. ఆ మినహాయింపుకు తాను, భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు మాత్రమే లెక్క. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు అందులో లేరు.

కాలేజీలు విద్యార్థులకు తీసుకునే గ్రూపు పాలసీ ఒకటి ఫీజుతో పాటే కట్టించుకుంటూ ఉంటారు. చాలావరకు అది ప్రమాదాలకే పరిమితం, కాని ముందు పళ్లు విరిగిన రోజున పనికిరావచ్చు. ఆఫీసులో అడిగి కాపీ తీసుకోవాలి.

క్లినిక్కులు అమ్మే వార్షిక డెంటల్ కార్డులు బీమాయేనా?

కావు. అవి ముందుగా డబ్బు కట్టి పొందే రాయితీలు మాత్రమే. ఐఆర్‌డీఏఐ పర్యవేక్షణ వాటిపై ఉండదు. ఇంట్లో నలుగురూ అదే క్లినిక్‌కు వెళ్లే అలవాటు ఉంటే లాభించవచ్చు, లేకపోతే అక్కర్లేదు.

ప్రైవేటు వైద్యుడు రూట్ కెనాల్, క్యాప్ అన్నారు. పీకించేస్తే చవక కదా?

ఆ పూటకు చవకే. తరువాతి లెక్క వేరు. ఇరవై ఏళ్ల వయసులో నమిలే దవడ పన్ను తీసేసి ఖాళీగా వదిలితే, పక్క పళ్లు ఆ సందులోకి ఒరుగుతాయి, పైపన్ను కిందికి దిగుతుంది, మెతుకులు ఇరుక్కుని పక్కవి కూడా పిప్పి పడతాయి. తరువాత బ్రిడ్జి వేయాలంటే ఆరోగ్యంగా ఉన్న రెండు పక్క పళ్లను అరగదీయాలి, ఇంప్లాంట్ అంటే రూట్ కెనాల్‌కు మించిన ఖర్చు. కాబట్టి నిలబెట్టగల పన్ను అయితే నిలబెట్టడమే మంచిది. పన్ను పూర్తిగా విరిగి వేరు మాత్రమే మిగిలిందా, ఎముక కరిగిపోయిందా అన్నది ఎక్స్‌రే చూపించి చెప్పమని అడగాలి.

ఎస్టిమేట్ కాగితం మీద ఎక్స్‌రే, రూట్ కెనాల్, లోపలి ఫిల్లింగ్, క్యాప్ విడివిడిగా రాయించుకోవాలి. తేడా ఎక్కువగా వచ్చేది క్యాప్ దగ్గరే. లోహపు క్యాప్ అన్నిటికన్నా చవక, గట్టిది. లోహం మీద పింగాణీ పూత వేసినది మధ్యరకం. జిర్కోనియా ఖరీదు. నవ్వితే కనబడని వెనక పంటికి లోహపు క్యాప్ చాలు. ఇంతటి సూటి మాట కొందరు వైద్యులు అడిగితే తప్ప చెప్పరు. అసలు క్యాపే మానేసి డబ్బు మిగుల్చుకోవడం మాత్రం తప్పు లెక్క. నరం తీసిన దవడ పన్ను పెళుసుబారి, ఒకరోజు నిలువునా చీలితే పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. డబ్బు ఒకేసారి లేకపోతే నరం పని ఇప్పుడు, క్యాప్ కొన్ని వారాల్లో అని విడతలు అడగవచ్చు. వడ్డీ లేని వాయిదాలు అని చెప్పి ఫైనాన్స్ కంపెనీ కాగితం మీద సంతకం అడిగితే, ప్రాసెసింగ్ రుసుము ఎంతో, వైద్యం మధ్యలో ఆపేస్తే అప్పు ఏమవుతుందో తెలుసుకోకుండా సంతకం పెట్టకూడదు.

క్లిప్పులకు, జ్ఞానదంతానికి కూడా కళాశాలకే వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. క్లిప్పుల వైద్యం ఏడాదిన్నర, రెండేళ్లు సాగేది, ఇంచుమించు నెలనెలా వెళ్లవలసినది కాబట్టి అమ్మాయి అంతకాలం విశాఖలోనే ఉంటుందని తేలిన తరువాతే మొదలుపెట్టాలి. జ్ఞానదంతం విషయంలో, నొప్పి, వాపు లేకుండా సరిగ్గా మొలిచినదాన్ని తీయించవలసిన అవసరం సాధారణంగా లేదు.

రాత్రిపూట నొప్పి భరించలేకపోతే ఏం చేయాలి?

గోరువెచ్చని ఉప్పు నీటితో పుక్కిలించి, సందులో ఇరికిన మెతుకును దారంతో తీసి, అలర్జీలు లేకపోతే పారాసెటమాల్ తగిన మోతాదులో వేసుకోవచ్చు. ఇది జన ఔషధి కేంద్రంలో చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. మాత్రను పంటి పక్కన చిగురు మీద పెట్టి నొక్కే అలవాటు మానాలి, అది చిగురును కాల్చి పుండు చేస్తుంది. పదహారేళ్ల లోపు వారికి ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవడం వల్ల నరం నొప్పి తగ్గదు, వైద్యం వాయిదా పడడం ఒక్కటే జరుగుతుంది.

ఇక ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. వాపు దవడ కిందికి, మెడకు దిగినా, కంటి వైపు ఎక్కినా, నోరు తెరవలేకపోయినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా చూడకుండా కె.జి.హెచ్. అత్యవసర విభాగానికి వెళ్లాలి, అవసరమైతే 108కు ఫోన్ చేయాలి. ఆటలో పన్ను ఊడి పడితే, అది శాశ్వత పన్నయితే, తెల్లటి భాగం పట్టుకుని, వేరును తాకకుండా, పాలలో వేసి గంటలోపు వైద్యుడి దగ్గరకు చేరాలి. తిరిగి అమర్చే అవకాశం ఉంటుంది. పాల పన్నును తిరిగి పెట్టరు.

బడికి వెళ్లే చిన్న పిల్లలకు వేరే సౌకర్యం ఏదైనా ఉందా?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను పద్దెనిమిదేళ్ల వరకు పరీక్షిస్తారు. ఆ పరీక్షలో పళ్లు కూడా ఉన్నాయి. పిప్పి కనబడితే ఉచిత వైద్యానికి పంపుతారు. బడిలో చీటీ ఇచ్చారా అని పిల్లను అడగాలి, ఆ కాగితాలు సంచీ అడుగున పడి ఉండడం కొత్త కాదు. పాల పళ్లే కదా ఊడిపోతాయి అని వదిలేయడం సరికాదు. వెనక పాల పళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉంటాయి, అవి ముందే పోతే శాశ్వత పళ్లకు చోటు చాలదు.

వైద్యుడు నిజమైన దంత వైద్యుడో కాదో ఎలా తెలుస్తుంది?

బీడీఎస్ లేదా ఎండీఎస్ పట్టా, రాష్ట్ర దంత వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బోర్డు మీద లేకపోతే అడగాలి. అరగంటలో కదలని పన్ను కట్టేస్తామనే చోట్ల పక్క పళ్లకు, చిగురుకు అతికించి వదిలేస్తారు. అక్కడ మిగిలిన డబ్బు తరువాత చిగుళ్ల జబ్బుకు పోతుంది.

క్లెయిము తిరస్కరించారు. ఏం చేయాలి?

తిరస్కరణకు కారణం, అందుకు ఆధారమైన నిబంధన లిఖితంగా అడగాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తరువాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో రాయాలి. అక్కడా తేలకపోతే బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి అయిన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది.

అమ్మాయికి పదహారేళ్లు. తల్లిదండ్రులు పాలకొండలో ఉన్నారు. మేనమామగా నేను తీసుకువెళితే చాలా?

పరీక్షకు, ఎక్స్‌రేకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. పన్ను తీయడం, మత్తు ఇచ్చి చేసే పనులకు మాత్రం పద్దెనిమిదేళ్లు నిండనివారి తరఫున తల్లి లేదా తండ్రి సంతకం అడుగుతారు. పని మొదలయ్యే రోజుకు వారిలో ఒకరు రాగలిగితే మంచిది, లేకపోతే వారు సంతకం చేసిన ఉత్తరం, ఆధార్ నకలు వెంట ఉంచుకుని, అది సరిపోతుందా అని ముందురోజే ఆ విభాగంలో అడగాలి. అమ్మాయికి ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, మందుల అలర్జీ వంటివి ఉన్నాయా అన్నది మేనమామకు తెలియకపోవచ్చు కాబట్టి తల్లిని ఫోనులో అడిగి, వాడుతున్న మందుల పేర్లతో సహా ఒక కాగితం మీద రాసుకుని, మొదటి చీటీ రాయించేటప్పుడే వైద్యుడికి ఇవ్వాలి.